ఒకటే కథ కదా అన్నారు

పడుకుందామని లైటు ఆపేసి కూడా మళ్ళీ లేచి వచ్చి కూర్చున్నాను. భోజనాలయ్యాక ‘ద గర్ల్ విత్ ద డ్రాగన్ టాటూ’ స్వీడిష్‌ది పెట్టబోతుంటే ఆయన, "ఇంగ్లీషులో ఉందిగా, అదే పెట్టు. ఒకటే కథ కదా" అన్నారు. పెట్టాను. అరగంటకే నిద్రపోయారు. నేను మాత్రం రెండున్నర గంటలకు పైగా కూర్చుని మొత్తం చూశాను.

ఒకటే కథ ఎలా అవుతుంది? 2009లో స్వీడన్ వాళ్ళు తీసిన సినిమాని మూడేళ్ళు కూడా ఆగకుండా 2011 డిసెంబరుకల్లా హాలీవుడ్ మళ్ళీ తీసింది, అదీ స్వీడన్‌కే వెళ్ళి, ఆ మంచులోనే. స్టాక్‌హోమ్ మనుషులు తమలో తాము ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటారు. హీరోయిన్ లిస్బెత్‌గా వేసిన రూనీ మారా స్వీడిష్ యాస పెడుతుంది, జర్నలిస్టు మికాయెల్‌గా వేసిన డేనియల్ క్రెయిగ్ తన మామూలు యాసలోనే కానిచ్చేస్తాడు. కింద అక్షరాలు చదవడానికి బద్ధకించేవాళ్ళ కోసం ఇంత ఖర్చా అని ఒళ్ళు మండింది. పేరు చూసినా మంటే. ఈ కథకి మూలమైన స్టీగ్ లార్సన్ నవలకి స్వీడిష్‌లో పేరు ‘ఆడవాళ్ళను ద్వేషించే మగవాళ్ళు’. తప్పెవరిదో అట్ట మీదే ఉంది. అది పోయి అమ్మాయి ఒంటి మీది పచ్చబొట్టు పేరైంది. కానీ ఆ పని ఇంగ్లీషు అనువాదం అప్పుడే జరిగింది, సినిమా వాళ్ళ మీద కోపం చూపిస్తే అన్యాయం.

స్వీడిష్‌ది మొదట హాస్టల్లో చూశాను. రూమ్మేటు లాప్‌టాప్, ఇద్దరికీ ఒకటే ఇయర్‌ఫోన్, చెరో చెవిలో. సబ్‌టైటిల్స్ సరిగ్గా రెండు సెకన్లు వెనక నడిచేవి. ఎంత సర్దినా కుదరలేదు. దాంతో ముందు మొహం చూడటం, తర్వాత మాట చదవడం అలవాటైపోయింది. అందులో లిస్బెత్‌గా వేసిన నూమీ రపాస్ దవడ బిగించిందంటే కింద వచ్చే వాక్యం ఏమిటో మాకు ముందే తెలిసిపోయేది. మధ్యలో కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయినా లేవలేదు. ఏటా పుట్టినరోజుకి కథలోని ముసలాయనకి అట్టపెట్టెలో వచ్చే ఎండుపువ్వు ఫ్రేము చూసి, తర్వాత రోజు మా రూమ్మేటు పొగడపువ్వొకటి తెచ్చి నా నోట్‌బుక్కులో పెట్టింది. ఇంకా ఉంది, ముట్టుకుంటే పొడి రాలుతుంది.

(చూడనివాళ్ళు ఇక్కడినుంచి చదవకండి.) ఎప్పుడో మాయమైపోతే ఆ ముసలాయన వెతికిస్తున్న అమ్మాయి హారియెట్. నవలలో, స్వీడిష్ సినిమాలో ఆమె ఆస్ట్రేలియాలో దొరుకుతుంది. హాలీవుడ్‌లో లండన్‌లోనే ఉంటుంది. అంత దూరం పారిపోయిన పిల్ల గోడు అందులో సగమైపోయింది. ఇదే రాసి పడుకుందామనుకున్నాను.

కానీ హాలీవుడ్ దాని చివరి పది నిమిషాలు వదలడం లేదు. లిస్బెత్ తనకో స్నేహితుడు దొరికాడని పాత సంరక్షకుడికి చెప్పుకుంటుంది. ఆ స్నేహితుడు మికాయెలే. అతని కోసం తోలు జాకెట్ కొంటుంది. తీరా వెళ్ళేసరికి అతను తన పత్రికలో పనిచేసే ప్రియురాలు ఎరికాతో నడిచి వెళ్తుంటాడు. జాకెట్‌ని చెత్తలో పడేసి బైకెక్కి వెళ్ళిపోతుంది. నిజమేనా అని లేచి నవల చివరి పేజీ తీశాను. అక్కడ జాకెట్ కాదు, ఎల్విస్ బొమ్మున్న రేకుబోర్డు. అతను ఎరికాతో వెళ్తుండటం అదే, అదే చెత్తపెట్టె. స్వీడిష్ సినిమాలో ఈ ముక్కే లేదు, అందులో ఆమె బంగారురంగు విగ్గుతో ఎండలో దర్జాగా నడిచిపోతుంది. ఇన్నేళ్ళూ నవలకి దగ్గరగా ఉందని నేను అందరికీ చెప్పిన సినిమా అది.

ఆయన్ని లేపి చెప్పాలనుంది. పొద్దున్నే ఆరింటికి లేవాలి పాపం.