మూతపడిన బడికి సంఘం పెట్టుకున్నాం

మాది కర్నూలు పాతబస్తీలో, తుంగభద్రకు దగ్గర్లో ఉండిన ఎయిడెడ్ హైస్కూలు, అంటే ప్రైవేటు యాజమాన్యం నడిపినా టీచర్లకు ప్రభుత్వమే జీతాలిచ్చే బడి. నేను 1994లో అక్కడే పదో తరగతి రాశాను. ఆ తర్వాత అయ్యవార్లు ఒక్కొక్కరే రిటైరవుతూ వచ్చారు, ఖాళీలు నింపలేదు, పిల్లలు ప్రైవేటు బళ్లకు మళ్లారు. 2021లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వ బళ్లలోకి తీసుకున్నప్పుడు మిగిలిన టీచర్లూ వెళ్లిపోయారు. ఉన్న కొద్దిమంది పిల్లలను దగ్గర్లోని ప్రభుత్వ హైస్కూల్లో చేర్చి, మా బడి గేటుకు తాళం వేశారు.

వాట్సాప్ గ్రూపు మాకు అంతకు ముందే ఉంది. ఒకసారి అందరం కలిశాం కూడా. సార్లకు శాలువాలు కప్పాం, ఫోటోలు దిగాం, ఉగ్గాని బజ్జీ తిని ఇళ్లకు వెళ్లాం. సంఘం కావాలన్న ఆలోచన మాత్రం మా జూనియర్ ఒకతను స్టడీ సర్టిఫికెట్ కోసం తిరిగినప్పుడు వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగానికి లోకల్ అని చూపించాలంటే నాలుగు నుంచి పది దాకా ఎక్కడ చదివావో కాగితాలు అడుగుతారు. బడే లేనప్పుడు సంతకం ఎవరు పెట్టాలి? ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారట.

నడుస్తున్న బడికి పూర్వ విద్యార్థులు బెంచీలు కొనిస్తారు, మంచినీళ్ల ప్లాంటు పెట్టిస్తారు. మా బడికి అవేవీ అక్కర్లేదు. మా పేర్లున్న రిజిస్టర్లు ఎక్కడున్నాయో తెలుసుకోవాలి, అవి పాడవకుండా చూసుకోవాలి. పోయి అడగడానికి ఒక పేరు, ఒక ముద్ర ఉండాలి. విడివిడిగా వెళ్తే ఎవరి పని వాళ్లు చేయించుకొచ్చినట్టే అవుతుంది.

మన రాష్ట్రంలో ఇలాంటి సంఘాలను 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయిస్తారు. కనీసం ఏడుగురు సభ్యులుండాలి. సంఘం పేరు, చిరునామా, ఆశయాలు, కార్యవర్గం వివరాలతో మెమొరాండం ఒకటి, నియమావళి ఒకటి రాయాలి. మేం వీటికి అందరి ఆధార్ కాపీలు, సాక్షుల సంతకాలు, ఆఫీసుగా చూపించిన ఇంటికి పన్ను రసీదు, యజమాని ఒప్పుకోలు లేఖ జతచేశాం. కాగితాల పని పెద్ద కష్టం కాదు. వాటిలో ఏం రాయాలో తేల్చుకోవడమే కష్టం.

మొదటి చిక్కు పేరు దగ్గరే వచ్చింది. బడికి దాన్ని పెట్టిన పెద్దాయన పేరుంది, ఆ యాజమాన్యం ఇప్పటికీ ఉంది. వాళ్ల అభ్యంతరం లేదని లేఖ ఉంటే మంచిదని మా ఆడిటరు చెప్పారు. వెళ్లి అడిగితే వాళ్ల సెక్రటరీ మర్యాదగానే కూర్చోబెట్టారు, కాఫీ ఇచ్చారు, కానీ విషయం సాగనివ్వలేదు. మూడో మాటలోనే అర్థమైంది, ఆయన బెంగంతా స్థలం మీద. పాతబస్తీ నడిబొడ్డున అంత జాగా అంటే మాటలా! సంఘం పేరుతో రేపు దాని మీదికి వస్తామేమోనని భయం. నాకు కోపం రాలేదు, ఆయన స్థానంలో నేనున్నా అలాగే అనుకునేదాన్ని. బడి స్థలం మీద, భవనం మీద సంఘానికి ఏ హక్కూ లేదని మెమొరాండంలోనే ఒక వాక్యం చేర్చి చూపించాం. ఆయన రెండుసార్లు చదువుకుని, "ఇట్లా రాసినాక ఇంకేముందమ్మా, పెట్టుకోండి" అని సంతకం చేశారు.

అసలు వాదన సభ్యత్వం మీద జరిగింది. పదో తరగతి పాసైనవాళ్లే సభ్యులని కొందరు పట్టుబట్టారు. గ్రూపులో రెండు రోజులు మాటా మాటా పెరిగింది. మా క్లాసువాడే, ఆటో నడుపుతాడు, ఎప్పుడూ మాట్లాడనివాడు, వాయిస్ మెసేజ్ పెట్టాడు: "తొమ్మిదిలో మా నాయన పోతే మానేసినా. నాది ఆ బడి కాదా?" ఆ తర్వాత ఎవరూ ఎదురు చెప్పలేదు. అడ్మిషన్ రిజిస్టరులో పేరున్న ప్రతి ఒక్కరూ సభ్యులు కావచ్చని రాసుకున్నాం. పనిచేసిన టీచర్లను, గంట కొట్టిన అటెండరును, ఆయమ్మను గౌరవ సభ్యులుగా చేర్చాం. నియమావళి మొత్తంలో నాకు బాగా నచ్చిన నియమం ఇదే.

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చేతికొచ్చాక లెటర్‌హెడ్ కొట్టించి, ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో అర్జీ ఇచ్చాం. మా రికార్డులన్నీ పిల్లలను చేర్చుకున్న ప్రభుత్వ హైస్కూల్లోనే ఉన్నాయని తెలిసింది. అక్కడి హెడ్‌మాస్టరు బీరువా తీయించారు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు మా బడిలోకీ నీళ్లొచ్చాయి. పైఅరలో ఉన్న రిజిస్టర్లు దక్కాయి, కిందివి నానిపోయాయి. ఎండబెట్టి దాచినవాటిలో కాగితాలు ఒకదానికొకటి అప్పడాల్లా అతుక్కుని, అంచుల్లో ఒండ్రు మరకలు. నీలి సిరా పాకిపోయింది, నల్ల సిరా నిలిచింది. మా సంవత్సరం పేజీ దొరికింది. పేరు, తండ్రి పేరు, వృత్తి, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు. నా వరుసలో "ఎడమ మోచేతి మీద మచ్చ" అని తెలుగు సారు గుండ్రటి రాత.

హెడ్‌మాస్టరు అనుమతితో, ఆయన మనిషి ఎదుటే, పేజీ పేజీ ఫోటో తీశాం. వాటిలో కులం, పుట్టిన తేదీ ఉంటాయి కాబట్టి గ్రూపులో పెట్టకూడదని ముందే తీర్మానం చేశాం. ఎవరి వరుస వాళ్లకు మాత్రమే చూపిస్తాం. మా జూనియరుకు ఆ రిజిస్టరు చూసే హెడ్‌మాస్టరు సర్టిఫికెట్ రాసిచ్చారు, ఎంఈవో కౌంటర్ సంతకం పెట్టారు.

రిజిస్టరు దొరికాక ఆడపిల్లలను వెతకడం మొదలుపెట్టాను. మగవాళ్ల నంబర్లు త్వరగానే దొరికాయి. ఆడవాళ్లకు ఇంటిపేరు మారింది, ఊరు మారింది, కొందరి ఫోను కూడా భర్త పేరు మీదే ఉంది. ఈ పని ఫోన్లో అయ్యేది కాదు. పుట్టింటి వీధులు పట్టుకుని తిరిగాను. బుధవారపేటలో ఒక తల్లి నన్ను చూసి, "మా బిడ్డతో చదివినావా?" అని చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, అక్కడినుంచే ఆదోనిలో ఉన్న కూతురికి ఫోను కలిపింది. సంఘం పెట్టే ఆలోచన ఉన్నవాళ్లు ఈ పనికి విడిగా మనుషులను పెట్టుకోవాలి. లేకపోతే అది సగం బడికే సంఘమవుతుంది.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. సంఘం పేరున పాన్ తీసుకుని, తీర్మానం కాపీతో బ్యాంకు ఖాతా తెరిచాం. ఇద్దరు సంతకం చేస్తే తప్ప డబ్బు కదలదు. అమెరికాలో ఉన్న స్నేహితుడు పెద్ద మొత్తం పంపుతానన్నాడు. అతను అక్కడి పౌరుడైపోయాడు, కాబట్టి అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా తీసుకోకూడదు. ఇక్కడి పాస్‌పోర్టే ఉన్నవాళ్లు బ్యాంకు ద్వారా పంపితే ఆ ఇబ్బంది లేదు. అతనికి వద్దని చెప్పడం బాధగానే అనిపించింది. ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన పదిహేను రోజుల్లోపు కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు ఇవ్వడం కూడా మరిచిపోకూడని పని.

బడి మూతపడేనాటికి ఎనిమిదిలో ఉండి, పది వేరే బడిలో రాసిన పిల్లలకు ఇప్పుడిప్పుడే 18 నిండుతున్నాయి. మా నియమం ప్రకారం వాళ్లూ సభ్యులే. వాళ్లలో ఒకమ్మాయిని కార్యవర్గంలోకి తీసుకున్నాం. స్టడీ సర్టిఫికెట్ల అర్జీలన్నీ ఇప్పుడు తనే చూస్తోంది.