మీవాళ్ళను మీరు ఆపండి, మావాళ్ళ సంగతి నాది

పూజ చివర శాంతి మంత్రం అందుకున్నారంటే చాలు, సగం మంది లేచిపోతారు. ఒకరు చాప మడుస్తుంటారు, ఒకరు తీర్థం గిన్నె కోసం వెతుకుతుంటారు, వంటింట్లోంచి విస్తళ్ళు సరిపోతాయా అని కేక వినిపిస్తుంది. "లోకాః సమస్తాః సుఖినో భవంతు" ఆ హడావిడిలో కలిసిపోతుంది. శ్రద్ధగా చేతులు జోడించి అన్నవాళ్ళయినా, ఆ సమస్త లోకాల్లో ఏడాదిగా మాటల్లేని తోడికోడలినీ, గట్టు తగాదా పడ్డ అన్నదమ్ముణ్ణీ కలుపుకున్నారా అంటే అనుమానమే. లోకం మొత్తానికి శాంతి కోరడానికి ఏం ఖర్చు?

శాంతి కావాలంటే ఎవరు ఏం చెయ్యాలో, ఎక్కడ చెడుతుందో ఉద్యోగపర్వంలో పూసగుచ్చినట్టు ఉంది. సంస్కృత భారతంలో ఆ భాగాన్ని భగవద్యానం అంటారు. మనకు అది శ్రీకృష్ణ రాయబారం. పౌరాణిక నాటకాల పుణ్యమా అని అందరికీ తెలిసిన కథే. కాకపోతే బెదిరింపు పద్యాలకే వన్స్‌మోర్లు పడతాయి, సంధి మాటలకు ఎవరూ చప్పట్లు కొట్టరు. తిక్కన సోమయాజి మట్టుకు ఆ సంధి మాటలను ఎంతో నిదానంగా నడిపించాడు. ఆయనా మంత్రే, మనుమసిద్ధి పక్షాన ఓరుగల్లు గణపతిదేవుడి దగ్గరికి రాయబారం వెళ్ళాడని చెబుతారు. ఆ పని బరువు తెలిసినవాడు.

స్వామి బయలుదేరింది కార్తికంలో, రేవతీ నక్షత్రాన, మైత్ర ముహూర్తంలో. "కౌముదే మాసి రేవత్యాం శరదంతే హిమాగమే" అని స్పష్టంగా ఉంది. మనం దీపాలు పెట్టే నెల. సభలో ధృతరాష్ట్రుడితో ఆయన అన్న మాట ఇది:

త్వయ్యధీనః శమో రాజన్ మయి చైవ విశాంపతే
పుత్రాన్ స్థాపయ కౌరవ్య స్థాపయిష్యామ్యహం పరాన్

శాంతి నీ చేతిలో ఉంది, నా చేతిలోనూ ఉంది. నీ కొడుకులను నువ్వు నిలుపు, అవతలివాళ్ళను నేను నిలుపుతాను. పద్నాలుగు లోకాలను కడుపులో పెట్టుకున్నవాడు పనిని సగానికి పంచుతున్నాడు. దుర్యోధనుణ్ణి ఆపే సగం తన నెత్తిన వేసుకోలేదు, ఎందుకంటే అది తండ్రి పని. పాండవుల తరఫున హామీ పడే సగాన్ని ధర్మరాజుకు వదిలెయ్యలేదు, ఎందుకంటే వాళ్ళు తన మాట వింటారు. ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందో అక్కడ వాళ్ళు నిలబడాలి. నాకు ఈ ఒక్క శ్లోకం చాలు.

"నేను నిలుపుతాను" అన్న మాట ఊరికే రాలేదు. పాండవులు విడిది చేసిన ఉపప్లావ్యంలో బయలుదేరే ముందే స్వామి తనవాళ్ళందరి మాటా విన్నాడు. భీముడు ఎన్నడూ లేనంత మెత్తగా సంధి అన్నాడు. సహదేవుడూ సాత్యకీ యుద్ధమే కావాలన్నారు. ద్రౌపది ఎడమచేత్తో తన జుట్టు పట్టుకుని చూపించి, సంధి మాట్లాడేటప్పుడల్లా దుశ్శాసనుడు లాగిన ఈ జుట్టును గుర్తుంచుకోమంది. ఆమెను ఊరుకోమనలేదు, జరిగింది మరిచిపోమని చెప్పలేదు. తనవాళ్ళ కోపం ఎంతో, దుఃఖం ఎంతో కొలత తెలుసుకుని మరీ వెళ్ళాడు. ఇవాళ మన పెద్దమనుషులు పంచాయితీకి కూర్చునేది తనవాళ్ళ మనసులో ఏముందో కనుక్కోకుండానే. సంతకం అయిన మర్నాడే తిరగబడేది అవతలివాళ్ళు కాదు, సొంత కొడుకే.

అడిగింది కూడా లెక్కగా అడిగారు. అర్ధరాజ్యం హక్కు. అది కాదంటే అయిదూళ్ళు: అవిస్థలం, వృకస్థలం, మాకంది, వారణావతం, అయిదోది మీ ఇష్టం. నాలుగు పేర్లు చెప్పి అయిదోది ఇచ్చేవాడికే వదలడం చూడండి! లొంగినట్టు కాకుండా తానే ఇచ్చినట్టు ఉండటానికి దుర్యోధనుడికి అక్కడ చోటు పెట్టారు. స్వామి దారిలో రాత్రి బస చేసింది ఆ వృకస్థలంలోనే. అక్కడ దుర్యోధనుడు రత్నాలు తాపిన విడిది సిద్ధం చేయిస్తే, దానివైపు చూడకుండానే హస్తినకు సాగిపోయాడు. భోజనానికి పిలిస్తే, పని నెరవేరాకే దూతలు తింటారని చెప్పి విదురుడి ఇంటికి వెళ్ళాడు. మధ్యవర్తిత్వానికి వెళ్ళేవాళ్ళు ఈ ఒక్క నియమం పట్టుకున్నా చాలు. ఒకరి ఇంట్లో విందు తిని వచ్చినవాడి మాట రెండో ఇంట్లో చెల్లదు.

మాట వరస కూడా గమనించండి. మొదట కురువంశం గొప్పతనం, దయ, ఆ తరవాత సంధి వల్ల కలిగే మేలు. లక్క ఇల్లు, జూదం ధృతరాష్ట్రుడి ముందు ప్రస్తావనగానే వస్తాయి. దుర్యోధనుడు "నా తప్పేముంది" అన్నాకే ఒక్కొక్కటీ లెక్కగట్టి ముఖాన చెప్పాడు. మనం పాత పద్దుతోనే మొదలుపెడతాం.

మరి ఎక్కడ చెడింది? సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్న దుర్యోధనుడి దగ్గరే అని అందరూ అంటారు. అంతకు ముందే చెడింది. అంతా విని ధృతరాష్ట్రుడు, "నాయనా, నేను స్వతంత్రుణ్ణి కాను, నువ్వే వాడికి చెప్పు" అన్నాడు. తన సగాన్ని తిరిగి కృష్ణుడి చేతిలోనే పెట్టేశాడు. రాయబారం ఓడింది అక్కడ. భీష్ముడు చెప్పాడు, ద్రోణుడు చెప్పాడు, గాంధారిని సభకు పిలిపించి చెప్పించారు. ఆపాల్సినవాడు బతిమాలించుకుంటూ కూర్చున్నాడు. దుర్యోధన, కర్ణ, శకుని, దుశ్శాసనులు నలుగురినీ కట్టి అప్పగించి సంధి చేసుకోమని స్వామి చివరికి చెప్పాల్సి వచ్చింది, కంసుణ్ణి ఉదాహరణగా చూపించి మరీ.

కంచిలో తిరుప్పాడగం గుడికి వెళ్ళినవాళ్ళు పాండవదూత పెరుమాళ్ళను చూసే ఉంటారు. సుమారు 25 అడుగుల ఎత్తున కూర్చున్న మూర్తి. అందరూ దుర్యోధనుడు గొయ్యి తవ్వించి పైన ఆసనం వేయించిన కథ చెప్పుకుని, తల పైకెత్తి ఆ ఎత్తుకు ఆశ్చర్యపోతారు. అంత పెద్ద స్వామి దూతగా వచ్చి ఆ ఆసనం మీద కూర్చున్నాడు, కురుపాండవులకు శాంతి కలగాలని యాచించడానికి వచ్చానని నోరు తెరిచి చెప్పాడు. ఆ మాట తలుచుకుంటే కళ్ళు చెమ్మగిల్లవా?

దుర్యోధనుడు వినడని తెలిసీ ఎందుకొచ్చావని విదురుడు ముందురాత్రే అడిగాడు. శక్తికొద్దీ ప్రయత్నించి సాధించలేకపోయినా ఆ పుణ్యం దక్కుతుందన్నాడు స్వామి. జుట్టు పట్టుకుని లాగైనా మిత్రుణ్ణి చెడ్డపని నుంచి మళ్ళించాలన్నాడు. శక్తి ఉండీ కృష్ణుడు ఆపలేదని రేపు ఎవరూ అనకూడదన్నాడు. దేవుడే ఆ మాట పడకూడదనుకుంటే మనమెంత!

అందుకని ఈ కార్తికంలో భగవద్యానం పారాయణ పెట్టుకోండి. సంస్కృతం కష్టమైతే తిక్కన ఉద్యోగపర్వం, అదీ కష్టమైతే నమ్మకమైన వచనం. రోజుకో ఘట్టం చాలు, మైకు అక్కర్లేదు. చదివేటప్పుడు ఆ శ్లోకంలో "నీ కొడుకులను నిలుపు" అన్న మూడో పాదం దగ్గర ఆగి అవతలి ఇంటివాళ్ళను తలుచుకోకండి. అది స్వామి ధృతరాష్ట్రుడికి చెప్పిన మాట, మనం అవతలివాళ్ళ మీద ప్రయోగించడానికి ఇచ్చింది కాదు. "నేను నిలుపుతాను" అన్న నాలుగో పాదం మనది. మన కులం గ్రూపులో ద్వేషం పంపే మేనమామ, పక్క వీధి గణపతి మీద పందెం కట్టే మన కమిటీ కుర్రాడు, మరిదిని ఇంటికి రానివ్వని మన అక్క, వీళ్ళలో మన మాట వినేవాళ్ళు ఎవరో చూసుకోండి. దీపం పెట్టే ముందు వాళ్ళకు ఫోన్ చెయ్యండి. వినకపోతే మళ్ళీ చెయ్యండి. సామంతో మొదలుపెట్టి భేదం, ఆ పైన అయిదూళ్ళ దానం దాకా దిగాకే దండం మిగిలిందని తిరిగొచ్చి ధర్మరాజుకు చెప్పాడు స్వామి. మనం ఒక్క ఫోన్‌కే విసిగిపోతే ఎలా?