పద్నాలుగో రౌండు

బాక్సింగ్ గ్లవ్స్ మళ్ళీ దండెం మీదే. లోపల వేలు పెట్టి చూశా, ఇంకా తడే. ఉతికిన దిండు గలీబుల పక్కన ఆ చెమట కంపు. చిన్నోడికి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

అసలు గొడవ గ్లవ్స్ గురించి కాదులెండి. ఫ్రిజ్ మీద పోటీల ఫారం ఉంది, నా సంతకం కోసం. అది పెట్టకుండా మధ్యాహ్నమంతా ఫోన్‌లో కొరియా బాక్సర్ కిమ్ డుక్-కూ ఆట చూస్తూ కూర్చున్నా. 1982 నవంబర్ 13, లాస్ వేగాస్. అటువైపు రే మాన్సినీ. పద్నాలుగో రౌండు మొదలైన 19 సెకన్లకి ఆపేశారు. పడ్డ కిమ్ తాళ్ళు పట్టుకుని లేచాడు కూడా. ఆ లేవడం దగ్గరే మూడుసార్లు వెనక్కి జరిపి చూశా. నాలుగు రోజులకి పోయాడు, మెదడులో రక్తస్రావమై.

రాత్రి ఈయన పెరుగు కలుపుకుంటూ, "అతను పోబట్టే కదా పదిహేను రౌండ్లు పన్నెండయ్యాయి, ఎంతమంది బతికిపోయారో" అన్నారు. ఒళ్ళు మండింది. లెక్క సరిపోయినట్టు! కొన్ని నెలలకే కిమ్ తల్లి ప్రాణం తీసుకుంది. ఆట ఆపిన రెఫరీ రిచర్డ్ గ్రీన్ కూడా మరుసటి జూలైలో అంతే. వీళ్ళని ఏ ఖాతాలో రాయాలి? పోనీ తగ్గించినవాళ్ళైనా వెంటనే తగ్గించారా? బాక్సింగ్ నడిపే సంస్థల్లో డబ్ల్యూబీసీ తగ్గించింది. కిమ్ ఆడింది ఇంకో సంస్థ, డబ్ల్యూబీఏ టైటిల్‌కి. వాళ్ళు 1987 దాకా పదిహేనే ఆడించారు. ఇదంతా చెబితే "పడుకో" అన్నారు.

పడుకుంటే ఎనిమిదో తరగతి గుర్తొచ్చింది. బడి వెనక జామచెట్టు కింద ఇద్దరు కొట్టుకుంటున్నారు. ఒకడు తన క్యారేజీ నా చేతికిచ్చి "పట్టుకో" అని దిగాడు. మూత వదులైంది, ఆవకాయ నూనె నా పరికిణీ మీద కారుతోంది. నేను చూసుకోలేదు. "కొట్టరా, ఇంకోటి కొట్టు" అని అరుస్తున్నా. ఎవడి వైపో కూడా గుర్తులేదు. ముక్కులోంచి రక్తం వచ్చింది, గంట కొట్టారు, ఇద్దరూ కలిసే పంపు దగ్గరికెళ్ళారు. ఇంట్లో తిట్లు పడింది మాత్రం పరికిణీకే.

మాన్సినీకి అప్పుడు 21 ఏళ్ళు. మా పెద్దోడి వయసు. తిట్టుకుందామన్నా నోరు రాలేదు. నాన్న పోయాక పుట్టిన కిమ్ కొడుకు పళ్ళ డాక్టరయ్యాడట. 2011లో అమ్మతో కలిసి వెళ్ళి మాన్సినీని కలిశాడు. ఎలా వెళ్ళాడా అనుకున్నా ముందు. ఇప్పుడేమో, ఒకరికొకరు తప్ప ఇంకెవరికి చెప్పుకుంటారులే అనిపిస్తోంది.

చిన్నోడి పోటీల్లో మూడు రౌండ్లే, తలకి హెడ్‌గార్డ్ కూడా. తెలుసు.

గ్లవ్స్‌లో పాత పేపరు ఉండలు చేసి కుక్కాను, పొద్దుటికి ఆరాలి. సంతకం ఈయన్నే పెట్టమంటా.