బంతిని వదిలేసి చూస్తే

అమెరికన్ ఫుట్‌బాల్ చూసేటప్పుడు కళ్లు బంతి వెంటే పరుగెత్తుతాయి. ఈ వారం పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు పాత మ్యాచ్‌లు పెట్టుకుని, బంతిని వదిలేసి కేసీ హాంప్టన్‌నే చూశాను.

ఆయన నోస్ ట్యాకిల్. డిఫెన్స్ లైన్ నట్టనడుమ, బంతిని వెనక్కి అందించే ఎదుటి జట్టు సెంటర్‌కి సరిగ్గా ఎదురుగా ఉండే మనిషి. బరువు దాదాపు 147 కిలోలు. ఆట కదలగానే సెంటర్, పక్కనున్న గార్డ్ కలిసి మీద పడతారు. ఆయన మాత్రం చోటు వదలకూడదు. వదిలితే మధ్యలో సందు దొరికి, బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ దూసుకుపోతాడు. ఆ ఇద్దర్నీ ఆయన పట్టి ఉంచితే, వెనకున్న తన జట్టు లైన్‌బ్యాకర్‌ను అడ్డుకునేవాళ్లు తగ్గిపోతారు. బంతి ఉన్నవాణ్ని పడగొట్టిన ట్యాకిల్ లైన్‌బ్యాకర్ ఖాతాలో పడుతుంది. కెమెరా కూడా అటే తిరుగుతుంది.

2001 నుంచి 2012 వరకు ఒకే జట్టు, రెండు సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలుపులు, అయిదుసార్లు ప్రో బౌల్ (లీగ్ మేటి ఆటగాళ్ల జట్టు)కి ఎంపిక. సాక్‌లు (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) మాత్రమే లెక్కపెట్టి డిఫెండర్లకు మార్కులు వేస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఒక్క మ్యాచ్‌లోనైనా ఆ మధ్యలో నిలబడ్డ మనిషిని చూడండి, ప్లీజ్.