బ్రేకుల్లేని బండ్లు, నలభై దాటిన కుర్రాళ్ళు

మా షెడ్డులో 2021 నాటి జాబ్‌కార్డుల పుస్తకం ఒకటుంది. ముందువైపు అంతా మామూలే. ఆయిల్ మార్చాలి, క్లచ్ ప్లేట్లు, చైన్ సెట్టు, ముందు బ్రేకు పట్టడం లేదు. కాగితం వెనక్కి తిప్పితే మాత్రం పదిహేను గీతలు, వాటి ఎదురుగా 3-3, 4-2, 5-1, 2-4 అని అంకెలు. మొన్న ఒకాయన పాత బిల్లు కావాలని వస్తే తిరగేస్తున్నా. మా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు తొంగిచూసి "ఏందన్నా ఇవి, చీటీపాట లెక్కలా?" అన్నాడు. చెబితే మధ్యాహ్నం దాకా పని ఆగిపోద్దని ఊరుకున్నా. ఇక్కడైతే తీరిగ్గా చెప్పుకోవచ్చు.

ఒంగోలు కర్నూలు రోడ్డులో నాది బైక్ మెకానిక్ షెడ్డు. 2021 మేలో కర్ఫ్యూ గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం 12 కొట్టేసరికి షట్టర్ దించాలి. ఆ పూటకి చేతికొచ్చేవి ఒకటో రెండో బండ్లు. ఇంటికొచ్చి తిని పడుకుంటే ఇక రాత్రికి నిద్ర ఎక్కడిది? నాకూ లేదు, మా నాయనకీ లేదు. ఫోన్ మోగితే ఎవరు పోయారో అని గుండె జారే రోజులు. అట్టాంటి ఒక సోమవారం అర్ధరాత్రి మా మేనల్లుడి వీడియో కాల్. వాడు చదువుకని ఇంగ్లండు వెళ్ళి పీటర్‌బరోలో ఒక గోడౌన్‌లో పని చేస్తున్నాడు. వాడి మొహం చూసేదాకా నాకు ఊపిరాడలేదు.

"మావయ్యా, ఏం కాలేదు. ముందు ఈ శబ్దం విను, ఏం ఇంజనో చెప్పు" అన్నాడు.

విన్నా. సింగిల్ సిలిండర్. బుల్లెట్‌లా దడదడమని దరువు వేసేది కాదు. కందిరీగల తుట్టె మీద రాయి వేసినట్టు ఒకటే రొద. నాలుగు స్ట్రోకులదేనని చెప్పగలిగా గానీ, అంత పై స్థాయిలో తిరిగే సింగిల్ నేను ముట్టుకున్నది కాదు. అప్పుడు ఫోన్ తిప్పి చూపించాడు. కోడిగుడ్డు ఆకారంలో చిన్న ట్రాకు, నలుగురు మనుషులు, నాలుగు బక్క బండ్లు. అందరూ ఎడమ పక్కకే తిరుగుతున్నారు. బండి ఎడమకి పోతుంటే హ్యాండిల్ మాత్రం కుడికి తిప్పి ఉంది. స్పీడ్‌వే అంటారని అప్పుడే తెలిసింది.

మా నాయన మంచం మీద నుంచే అడిగాడు, "అంత జోరుగా పోతన్నారు, బ్రేకులు ఎట్టా వేస్తార్రా?"

"బ్రేకులు లేవంట నాయనా."

"లేకపోతే?"

లేవంటే లేవు. గేర్లూ లేవు, ఉన్నది ఒక్కటే. 500 సీసీ ఇంజను, పెట్రోలు బదులు మిథనాల్, వెనక సస్పెన్షన్ కూడా ఉండదు. ముందు వాడు బ్రేకేస్తే వెనకవాడు వచ్చి వాడి మీద పడతాడు, అందుకని అసలు పెట్టరు. ఎడమ బూటు కింద ఉక్కు తొడుగు ఉంటుంది, మలుపులో ఆ కాలు నేల మీద జారుతూ వస్తుంది. ఇంజను ఆపే తాడు ఒకటి రైడరు చేతికి కట్టి ఉంటుంది, మనిషి పడితే తాడు ఊడి బండి ఆగిపోవాలి. మిగతాదంతా కుడిచేతి మణికట్టే చూసుకోవాలి.

ఇది నాకు చప్పున ఎక్కడానికి ఒక కారణం ఉంది. ఇంటర్ చదివే రోజుల్లో కొత్తపట్నం బీచిలో ఒకరి యెజ్డీ తీసుకుని తడి ఇసకలో ఇట్టాగే ఎడమకి వంచి ఎక్సలేటర్ తిప్పేవాళ్ళం. వెనక చక్రం జారుతుంటే అదో పిచ్చి ఆనందం. ఒకసారి ఎక్కువ జారింది, భయపడి బ్రేకు తొక్కా. అంతే. బండి నా మీద, సైలెన్సర్ పిక్క మీద. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నేను పడింది జారినందుకు కాదు, బ్రేకు తొక్కినందుకు. పాతికేళ్ళ తర్వాత పీటర్‌బరో వాళ్ళని చూస్తేగానీ ఆ సంగతి నాకు బుర్రకెక్కలేదు.

ఇక నూనె సంగతి. ఈ ఇంజన్లలో మొదట్నుంచీ వాడింది ఆముదం. మన మెట్టచేలల్లో పండే అదే ఆముదం. ఎంత వేడెక్కినా లోహానికి అతుక్కునే ఉంటుంది, అందుకని. ట్రాకు దగ్గర ఆ కాలిన ఆముదం వాసన కోసమే వచ్చే ముసలివాళ్ళు ఉంటారట. మా మేనల్లుడు "ఏదో తెలిసిన వాసన వస్తంది మావయ్యా, అమ్మమ్మ తలకి రాసేది" అన్నాడు. మా నాయన ఆ రాత్రి మొదటిసారి నవ్వాడు. మిథనాల్ మంట పగలు కంటికి ఆనదు, అందుకే బండ్లు సిద్ధం చేసుకునే ఆ పిట్‌లలో జాగ్రత్త ఎక్కువ. పెట్రోలు కంటే రెండింతలు తాగుద్ది కాబట్టి కార్బొరేటర్ జెట్లు కూడా పెద్దవి పెడతారు. ఇట్టాంటివి రాయమంటే నేను తెల్లారేదాకా రాస్తా, మీకు విసుగు. ఆటలోకి వస్తా.

ఒక్కో జట్టుకి ఏడుగురు. ఒక హీటులో, అంటే ఒక్కో పందెంలో, అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. నాలుగు రౌండ్లు, నిమిషం అటూ ఇటూలో ఫినిష్. గెలిచినవాడికి 3, తర్వాత 2, 1, ఆఖరివాడికి సున్నా. అట్టాంటివి పదిహేను హీట్లు. మన ఇద్దరూ ముందొస్తే 5-1, నా పుస్తకంలో అది రాసినప్పుడు పెన్ను కాగితాన్ని చింపేసినంత పనయ్యేది. సొంత ఊరి జట్టుకి ఎరుపు, నీలం హెల్మెట్లు. వచ్చినవాళ్ళకి తెలుపు, పసుపు. స్టార్టింగ్ దగ్గర అడ్డంగా టేపులు ఉంటాయి, అవి ఎగరకముందు తాకావా, తప్పు నీదే. అక్కడి జనం కూడా ప్రోగ్రాం పుస్తకం కొనుక్కుని పెన్నుతో హీటు హీటుకీ పాయింట్లు రాసుకుంటారట. నా జాబ్‌కార్డులు అందుకే పాడయ్యాయి.

2020లో కరోనా వల్ల అక్కడ లీగే జరగలేదు. 2021లో పై డివిజన్‌లో ఆరే జట్లు: పీటర్‌బరో, బెల్ వ్యూ, వుల్వర్‌హాంప్టన్, షెఫీల్డ్, ఇప్స్‌విచ్, కింగ్స్ లిన్. అక్కడ ఒక రూలుంది. ఒక్కో రైడరుకి పాత ఆటల లెక్కన సగటు పాయింట్లు కడతారు, జట్టు మొత్తం సగటు ఒక హద్దు దాటకూడదు. డబ్బుంది కదా అని మొనగాళ్ళందరినీ ఒకరే కొనుక్కుపోవడానికి లేదు. పీటర్‌బరో పాంథర్స్ ఏం చేశారంటే, వయసు మీద పడి సగటు తగ్గినవాళ్ళని ఏరి తెచ్చారు. స్కాట్ నికోల్స్‌కి 43. బ్యార్న్ పెడర్సన్ ఆ సీజన్‌లోనే 43 నిండినవాడు. హాన్స్ ఆండర్సన్, ఉల్రిక్ ఆస్టర్‌గార్డ్ నలభై వాళ్ళు. క్రిస్ హ్యారిస్‌కి 38. మైకేల్ పామ్ టాఫ్ట్ ముప్పై వాడు. ఇరవై కూడా నిండని జోర్డన్ పాలిన్ ఒక్కడే పిల్లాడు. ముసలోళ్ళ జట్టని వెక్కిరించారు, ఆఖరి స్థానం వీళ్ళదే అన్నారు.

నాకప్పుడు 44. నడుం నొప్పి. బండి కింద కూర్చుంటే లేవడానికి హ్యాండిల్ పట్టుకోవాల్సిందే. ఇక ఏ జట్టు నాదో వేరే చెప్పాలా?

మా నాయనది ఎద్దుల లెక్క. తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు చూసిన మనిషి. అక్కడ పళ్ళని బట్టే ఎద్దుల వయసు: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆ పైన సీనియర్లు. "వీళ్ళంతా సీనియర్ల విభాగంలో కట్టాల్సినోళ్ళు, పాలపళ్ళ వాటితో కట్టార్రా" అనేవాడు. తమాషా ఏంటంటే ఆ ట్రాకు ఉన్నది నిజంగానే పశువుల ప్రదర్శనలు జరిగిన మైదానంలో. ఈస్ట్ ఆఫ్ ఇంగ్లండ్ షోగ్రౌండ్, వ్యవసాయ సంఘం వాళ్ళది. 1970 నుంచి అక్కడ స్పీడ్‌వే నడిచింది. ఈ ముక్క చెప్పిన దగ్గర్నుంచి మా నాయనకి ఆ ఊరు బంధువుల ఊరే.

సోమవారం వాళ్ళ రాత్రి ఏడున్నర, మనకి పన్నెండు. మేనల్లుడు మలుపు దగ్గర నిలబడి ఫోన్ పట్టుకునేవాడు. నేను పంక్చర్ సొల్యూషన్ డబ్బాకి ఫోన్ ఆనించి, స్టూలు మీద పుస్తకం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. సగం హీట్లలో బొమ్మ ఆగిపోయేది. శబ్దం మాత్రం వచ్చేది, దాన్నిబట్టే చాలా తెలిసేది. కుర్రాడైతే మలుపులోకి ఎక్సలేటర్ పూర్తిగా తిప్పుకునే వస్తాడు, చక్రం ఊరికే గిరగిరా తిరిగి మట్టి చిమ్ముతుంది తప్ప బండి ముందుకు పోదు. పెద్దవాళ్ళు ఆ ఒక్క క్షణం పావు వంతు వదులుతారు. ఇంజను గొంతు కొంచెం కిందికి దిగి మళ్ళీ లేస్తుంది. ఆ దిగడం వినపడిందంటే టైరు నేలని పట్టుకుందన్నమాట. కళ్ళు మూసుకుని "ఇప్పుడు దాటాడు" అనేవాణ్ణి, అటుపక్క మేనల్లుడి అరుపు వినపడేది. అన్నిసార్లూ కాదులెండి.

నా మనిషి హ్యారిస్. బాంబర్ అంటారు. స్టార్టింగ్‌లో చాలాసార్లు వెనకే, టేపులు లేచాక అప్పుడే నిద్రలేచినట్టు. తర్వాత బయటి కంచె పక్కనుంచి, ఇంకెవరూ పోని చోటు నుంచి వస్తాడు. 2007లో కార్డిఫ్‌లో, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో భాగమైన గ్రాండ్ ప్రి ఫైనల్‌ని ఆఖరి రౌండులో గ్రెగ్ హాంకాక్‌ని దాటి గెలిచింది ఇట్టాగే. ఆ వీడియో షెడ్డులో ఎంతమందికి చూపించానో లెక్కలేదు. ఆయిల్ మార్చుకుందామని వచ్చినవాళ్ళు పాపం.

ఇంకొకటి నచ్చింది. అక్కడ రైడరు బండి రైడరుదే. వ్యానులో బండ్లేసుకుని, మెకానిక్‌ని వెంటబెట్టుకుని వస్తాడు. సంపాదన కూడా పాయింటుకి ఇంత అని. ఇంజను మొరాయిస్తే ఆ పూట ఆదాయం పోయినట్టే. మెకానిక్‌కి అంత విలువున్న ఆట ఇంకోటి ఉందా? మన దగ్గర సర్వీసు చేయించుకుని "వచ్చే నెల ఇస్తాలే" అని పోయినవాళ్ళ పేర్లు ఆ పుస్తకంలోనే ఉన్నాయి, ఇంకో వైపున.

పై నాలుగు జట్లకి ప్లేఆఫ్. పీటర్‌బరో ఫైనల్‌కి వచ్చింది. అటువైపు మాంచెస్టర్ జట్టు బెల్ వ్యూ, అందులో 22 ఏళ్ళ డాన్ బ్యూలీ. ఆ పిల్లాణ్ణి తక్కువ చేయను, మరుసటి ఏడు కార్డిఫ్‌లో గ్రాండ్ ప్రి కొట్టాడు. ఫైనల్ అంటే వాళ్ళ ఊళ్ళో ఒకటి, వీళ్ళ ఊళ్ళో ఒకటి, రెండూ కలిపి లెక్క. అక్టోబరు. తీరా తేలే రాత్రి మా వాడికి నైట్ షిఫ్టు! సెలవు పెట్టమన్నా. "అద్దె నువ్వు కడతావా మావయ్యా" అన్నాడు. న్యాయమే. ఆ రాత్రి బొమ్మా లేదు, శబ్దమూ లేదు. హీటు తర్వాత హీటు అంకెలు మాత్రం ఫోన్‌లో వచ్చేవి, ఒక్కోదానికి ఐదు నిమిషాల టెన్షన్. నేను గీత గీయడం, మా నాయన "ఎంత?" అనడం. పెన్నులో ఇంకు అయిపోతే స్పానర్ మీద గుర్తులు పెట్టుకునే పెయింట్ మార్కర్‌తో రాశా.

గెలిచారు. 2006 తర్వాత పదిహేనేళ్ళకి. ఆండర్సన్ ఆ 2006 జట్టులోనూ ఉన్నవాడే. మేనల్లుడికి మెసేజి పెడితే బ్రేక్ టైములో చూసుకుని ఒక్క బొమ్మ పంపాడు, ఎద్దు బొమ్మ. చిరుతపులి బొమ్మ పంపాలి కదరా అంటే "తాతకి" అన్నాడు.

2023 సీజన్‌తో ఆ ట్రాకు మూతపడింది. ఆ స్థలంలో ఇళ్ళు కట్టాలన్నది స్థలం వాళ్ళ ఆలోచన. మా వాడు ఆఖరి రాత్రి మలుపు దగ్గరే నిలబడ్డాడట, చక్రాలు చిమ్మే మట్టి మీద పడేచోట. మరుసటి సంక్రాంతికి ఒంగోలు వచ్చాడు. "మావయ్యా, నీకొకటి తెచ్చా, చొక్కా మార్చుకుని ఇస్తా" అని జాకెట్ కుర్చీ మీద వేసి స్నానానికి పోయాడు. ఈలోపు మా అక్క బట్టలు నానేద్దామని జేబులు తడిమింది. "ఏందిరా వీడు, జేబులో ఇంత మన్ను" అని పెరట్లోకి వెళ్ళి కరివేపాకు చెట్టు మొదట్లో దులిపేసింది.