ఆనందభైరవికి డిలే ఎంత పెట్టాలి?

మా చర్చి యూత్‌లో కొత్తగా గిటార్ పట్టుకున్న తమ్ముళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఏ డిలే పెడల్ కొనమంటావు?" మీటిన స్వరాన్ని కాసేపాగి మళ్ళీ వినిపించే కాలి పెట్టె అది. అడగడంలో తప్పేం లేదు. వాళ్ళు పొద్దస్తమానం వినేది హిల్‌సాంగ్ అనే చర్చి ఆరాధన పాటల ఆల్బమ్‌లు. సిడ్నీ నుంచి వచ్చిన ఆ గిటార్ శబ్దానికి మూలం యూటూ బ్యాండ్ గిటారిస్టు ఎడ్జ్ దగ్గరుంది. మీటిన ప్రతి స్వరం ముప్పావు బీటు తర్వాత మళ్ళీ పలుకుతుంది. దాన్నే డాటెడ్ ఎయిత్ అంటారు. చేతితో వాయించేది కొంచెం, పెడల్ నింపేది ఎక్కువ. వినడానికి మాత్రం ఒకేసారి ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుంది.

లెక్క తేలికే. పాట నిమిషానికి 72 బీట్లయితే ఒక బీటు 833 మిల్లీసెకన్లు, అందులో ముప్పావు 625. పెడల్‌లో 625 పెట్టేస్తే అయిపోయింది అనుకుంటారు.

మాది గుంటూరు వైపు లూథరన్ చర్చి. మా దగ్గర ఎవరి చెవిలోనూ వేగం చెప్పే మెట్రోనోమ్ క్లిక్ ఉండదు. ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్ వాయించే తమ్ముడు 72లోనే మొదలుపెడతాడు. రెండో చరణానికి సంఘం చప్పట్లు అందుకుంటుంది, మూడో చరణానికి పాట 80కి చేరుతుంది. అక్కడ డిలే 562 దగ్గర ఉండాలి, నా పెడల్ మాత్రం ఇంకా 625 దగ్గరే కూర్చుని ఉంటుంది. ఒక్కో ప్రతిధ్వని అరవై చిల్లర మిల్లీసెకన్లు వెనకబడితే, మూడోది వచ్చేసరికి 190 దగ్గర తేడా. అప్పుడు జనం నా వైపు చూడరు, పాపం ప్యాడ్స్ తమ్ముడి వైపు చూస్తారు! అందుకే ట్యాప్ టెంపో, అంటే కాలితో తట్టి వేగం చెప్పే మీట, లేని డిలే వద్దంటాను. ప్రతి చరణం ఎత్తుకునే ముందు కాలితో నాలుగు దెబ్బలు కొట్టుకోవాలి. అదీ ప్యాడ్స్‌ని చూసి కాదు, ముందు వరసలో ఆడవాళ్ళ చప్పట్లు చూసి. మా చర్చిలో అసలు తాళం అక్కడుంది.

కీర్తనల దగ్గరికి వస్తే కథ వేరు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చి దిగిన ప్రాంతం మాది, ఇక్కడ పాత కీర్తన లేని ఆరాధనని పెద్దలు ఒప్పుకోరు. కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి. తిశ్ర నడకలో బీటు మూడు ముక్కలవుతుంది కదా, ముప్పావు దగ్గర తాళంలో ఏమీ ఉండదు. డాటెడ్ ఎయిత్ అక్కడ పడితే ఎవరో తలుపు కొట్టినట్టే. పెడల్‌ని ఆ మూడు ముక్కల లెక్కకి, అంటే ట్రిప్లెట్‌కి మార్చాలి, లేదా నొక్కి ఆపేయాలి.

నేను ఎక్కువగా ఆపేస్తాను. ఆనందభైరవి రాగంలో గాంధారాన్ని ఊపుతూ పాడతారు. ఆ ఊపుని గిటార్ మీద తేవాలంటే తీగ మారకూడదు, ఒకే తీగ మీద వేలు జారుతూ పోవాలి. డిలే ఆన్‌లో ఉంటే వెనకటి స్వరం ఊపు వచ్చి తర్వాతి స్వరం మీద పడుతుంది, రెండూ కలిసి అపశ్రుతిలా వినిపిస్తాయి. దానికి బదులు శబ్దాన్ని కొంచెం కరుకుగా చేసే ఓవర్‌డ్రైవ్ పెడల్‌ని గెయిన్ (ఆ కరుకు మోతాదు) బాగా తగ్గించి పెడతాను. కరుకుదనం కోసం కాదు, స్వరం నిలబడడానికి. మీటు ఒక్కటే, దాని మీద మూడు నాలుగు స్వరాలు జారాలంటే తీగ అంతసేపు పలకాలి కదా. నన్నడిగితే మన కీర్తనలకి పనికొచ్చే పెడల్ అదే, డిలే కాదు.

ఓవర్‌డ్రైవ్ తర్వాత వాల్యూమ్ పెడల్. ముందు పెడితే శబ్దం తగ్గించినప్పుడల్లా డ్రైవ్ కూడా పలచబడిపోతుంది. ప్రసంగం అయ్యాక ప్రార్థనలో దీంతోనే పని. అయ్యగారు ప్రార్థన మధ్యలో ఉన్నట్టుండి పల్లవి ఎత్తుకుంటారు, ఏ శ్రుతిలోనో ఆయనకే తెలియదు. కీబోర్డు తమ్ముడు "అన్నా, ఏ స్కేలు?" అని కళ్ళతోనే అడుగుతాడు. నేను వాల్యూమ్ పెడల్ పూర్తిగా మూసి, గడ్డం గిటార్ కొమ్ముకి ఆనించి తీగ మీటుతాను. స్పీకర్‌లో ఏమీ రాదు, దవడ ఎముకలోంచి నాకు వినిపిస్తుంది. ఒకటి రెండు ఫ్రెట్లు అటూ ఇటూ వెతికాక దొరుకుతుంది. వేళ్ళతో వాడికి చూపించి, అప్పుడు మెల్లగా పెడల్ తెరుస్తాను.

డిసెంబరులో మాత్రం ఏ పెడలూ ఆదుకోదు. స్టేజి చుట్టూ సీరియల్ సెట్లు, వెనక స్టార్, బయట జనరేటర్. గిటార్‌లో తీగ శబ్దాన్ని పట్టే సింగిల్ కాయిల్ పికప్‌లు ఇవన్నీ పట్టుకుని చెవిలో జోరీగలా రొద పెడతాయి. పెడల్స్ అన్నిటికీ ఒకే అడాప్టర్ నుంచి వైరు లాగితే రొద ఇంకా పెరుగుతుంది. వేరువేరు అవుట్‌పుట్లున్న ఐసొలేటెడ్ పవర్ సప్లై కొన్నాక కొంత తగ్గింది, రెండు కాయిల్స్‌తో రొదని తగ్గించే హంబకర్ పికప్ గిటార్ పట్టుకెళితే ఇంకొంత. మిగిలింది కరెంటు లైనుదే. ఈసారి సౌండ్‌కి, డెకరేషన్‌కి వేరే లైన్లు ఇవ్వమని కమిటీకి కాగితం రాసిచ్చాను. సీరియల్ సెట్లు తగ్గించమని మాత్రం రాయలేదు. సండే స్కూల్ అక్కలు నన్ను బతకనివ్వరు.