చదివిన నవలను మరొకరికి సిఫారసు చేయడం: నా అనుభవం

నెలకొక తెలుగు నవల చదివి మాట్లాడుకుందామని మా అపార్ట్‌మెంట్‌లో కొందరం అనుకున్నప్పుడు, పుస్తకాలను ఎంపిక చేసే బాధ్యత నేను తీసుకున్నాను. వారపత్రికల్లో సీరియళ్లు చదివి పెరిగిన పెద్దవాళ్లూ, ఇంగ్లీషు మీడియంలో చదువుకుని తెలుగును కూడబలుక్కుంటూ చదివే పిల్లలూ ఒకే గుంపులో ఉన్నారు కనుక, నాకు నచ్చిందన్న ఒక్క కారణంతో ఏ నవలనూ వాళ్ల చేతిలో పెట్టలేను. ప్రతులు దొరకడం కూడా చూసుకోవాలి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కొన్నీ, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నీ, మిగిలినవి కాచిగూడ దుకాణాల్లో సంపాదించాను.

మొదట డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ఏకైక నవల 'కాలాతీత వ్యక్తులు' సూచించాను. 1950ల చివర 'తెలుగు స్వతంత్ర'లో ధారావాహికగా వచ్చిన ఈ నవలలో సంభాషణలు ఎక్కువ, వాక్యాలు తేలిక. అయితే నా సిఫారసుకు అసలు కారణం అందులోని ప్రధాన పాత్ర ఇందిర. రచయిత్రి ఆమెను వెనకేసుకురాదు, శిక్షించదు, ఆమె ఎలా బతకదలచుకుందో మాత్రం చూపిస్తుంది. "ఇందిర చేసినవన్నీ సబబేనంటారా?" అని ఒక పెద్దావిడ అడిగితే, డిగ్రీ చదివే అమ్మాయి "ఆంటీ, తండ్రిని కూడా ఆమే పోషిస్తోంది కదండీ, ఆ మాట ఎవరూ అనరేం?" అంది. ఆ సాయంత్రం చర్చంతా ఆ ప్రశ్న చుట్టూనే సాగింది. పాత్రను గురించి ఇంత పట్టుదలగా వాదించుకునేలా చేసిన నవలను నేను ఎవరికైనా నిస్సంకోచంగా ఇస్తాను.

దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' విషయంలో మరో పద్ధతి పాటించాను. 1948 పోలీసు చర్యకు ముందటి తెలంగాణ పల్లెనూ, దొర గడీనీ, అక్కడికి వచ్చిన సంగీత విద్వాంసుడు సారంగపాణినీ పరిచయం చేసి, కథ చెప్పకుండా రెండు పేజీలు పైకి చదివాను. కంటితో చదివితే తడబడే పిల్లలకు ఆ సంభాషణలు చెవిన పడగానే అర్థమయ్యాయి. "మా అమ్మమ్మ గిట్లనే మాట్లాడతది" అని నల్లగొండ కుర్రవాడొకడు వెంటనే పుస్తకం అడిగి తీసుకున్నాడు. హైదరాబాదులో ఉంటున్నవాళ్లు ఈ నవలను తప్పక చదవాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఈ నగరం నుంచి సాగిన నిజాం పాలన పల్లెలో మనిషి మీద ఎంత బరువు మోపిందో అందులో కళ్లకు కడుతుంది.

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' గొప్ప నవల, కానీ అందరికీ ఇవ్వను. సీతారామారావు ఆలోచనల సుడిలో పాఠకుడు కూడా తిరగాలి, కథ కోసం వచ్చినవారు మధ్యలోనే విసిగిపోతారు. అందుకే అడిగినవారికి ఆ సంగతి ముందే చెప్పి ఇస్తున్నాను. అలాగే మనిషి మనసు లోపల సాగే రావిశాస్త్రి నవల 'అల్పజీవి' చదివి మెచ్చినవారికైతే ఆ హెచ్చరిక అక్కర్లేదు.

వచ్చే నెలకు బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' నిర్ణయించాం. దయానిధి అంతర్మథనం నిదానంగా సాగుతుంది కనుక, ఈసారి ఒక్క నెల సరిపోదని చెప్పి గడువు పెంచమని అందరినీ కోరాను.